బోర్డు మీద లేని చదువు

దిల్‌సుఖ్‌నగర్ బస్ డిపో దగ్గర మొదలుపెట్టి చైతన్యపురి, కొత్తపేట మీదుగా ఎల్.బి. నగర్ రింగురోడ్డు దాకా బోర్డులు చదువుకుంటూ నడిస్తే, మన పిల్లల చదువు గురించి ఈ నగరం ఏమనుకుంటున్నదో పుస్తకం విప్పకుండానే తెలుస్తుంది. కింద టిఫిన్ సెంటరు, దాని మీద డిఎస్సీ కోచింగు, దాని మీద లేడీస్ హాస్టలు, అన్నిటికన్నా పైన అమెరికా. ఆ పై అంతస్తు బోర్డులనూ వాటి కరపత్రాలనూ ఒక సాహిత్య ప్రతిని చదివినట్టే చదవాలని మేము ఈమధ్య అనుకున్నాం. కథ చదివినా కవిత్వం చదివినా ఇందులో దళితుడెక్కడున్నాడని అడుగుతాం గదా. అదే ప్రశ్న కరపత్రాన్ని ఎందుకడగకూడదు?

కరపత్రాలన్నిటి భాషా ఒకటే. ఎమ్మెస్, డేటా సైన్స్, సైబర్ సెక్యూరిటీ, వీసా గ్యారంటీ, లోను మేమే ఇప్పిస్తాం, బ్యాక్‌లాగులున్నా ఫరవాలేదు. చరిత్ర, సమాజశాస్త్రం, మానవశాస్త్రం, సాహిత్యం, తత్వశాస్త్రం అనే మాటలు మేము పోగు చేసిన వాటిలో ఒక్కదాంట్లోనూ కనిపించలేదు. పిహెచ్.డి. అన్న మాట మాత్రం ఒకచోట ఉంది. అది సంస్థ యజమాని పేరు పక్కన.

ఈ మౌనం ఊరికే వచ్చింది కాదు. దీనికి ఒక ఆర్థికశాస్త్రం ఉంది. బ్రిటన్, ఆస్ట్రేలియా వంటి దేశాల యూనివర్సిటీలు తమకు విద్యార్థిని పంపిన ఏజెంటుకు ఆ విద్యార్థి కట్టే ఫీజులోంచి కమీషనిస్తాయి. సొంత డబ్బుతో ఎమ్మెస్‌కో, ఎంబీఏకో పోయేవాడు ఏజెంటుకు రాబడి. యూనివర్సిటీయే ఫీజు మాఫీ చేసి ఎదురు జీతమిచ్చే పిహెచ్.డి. విద్యార్థి వల్ల ఏజెంటుకు ఏమొస్తుంది? ఏమీ రాదు. కాబట్టి ఆ చదువు బోర్డెక్కదు. బోర్డెక్కని చదువు నల్లగొండ, దేవరకొండ, సూర్యాపేట, కల్వకుర్తి నుంచి బస్సు దిగి ఇక్కడి హాస్టళ్లలో చేరే పిల్లలకు లేని చదువే. అగ్రవర్ణ ప్రొఫెసరు కొడుక్కి ఈ సంగతి అన్నం తినేటప్పుడు తెలుస్తుంది. వాళ్ల మేనమామో, పెద్దనాన్న కూతురో అప్పటికే అక్కడ ఉంటారు. మనకు తెలియవలసింది బోర్డు ద్వారానే, అందులోనేమో అది లేదు.

మాలో ఒకామె ఉస్మానియాలో చరిత్రలో ఎం.ఏ. చేసింది. సాగర్ రోడ్డు పక్క ఊరు, మాదిగ కుటుంబం, కొత్తపేటలో హాస్టలు. హైదరాబాదులో 1906లో జగన్మిత్ర మండలి పెట్టి, దళిత పిల్లలకు బడులు నడిపి, మనల్ని మనం ఆది హిందువులమని చెప్పుకోవాలన్న భాగ్యరెడ్డి వర్మ (1888–1939) ఉద్యమం మీద, ముఖ్యంగా ఆ బడుల మీద పరిశోధన చెయ్యాలని ఆమె కోరిక. ఒక కన్సల్టెన్సీకి ఆమెతో పాటు మేమూ పోయాం. కౌన్సెలరు కుర్రవాడు మర్యాదగానే మాట్లాడాడు. "ఆర్ట్స్‌కి అక్కడ స్కోప్ లేదు మేడమ్. బిజినెస్ అనలిటిక్స్ వేసుకోండి, ముప్ఫై నలభై లక్షల్లో అయిపోతది" అన్నాడు. "పిహెచ్.డి.కి యూనివర్సిటోళ్లే పైసలిస్తరంట గదన్నా" అని ఆమె అడిగితే నవ్వాడు. "ఊరికే ఎవరిస్తరు మేడమ్?"

ఆ కుర్రవాడు అబద్ధమాడాడని మేము అనుకోవడం లేదు. అతనికి తెలియదు. అతని వ్యాపారానికి అది తెలియవలసిన అవసరం లేదు. మేము విమర్శించేది ఆ అవసరం లేకపోవడాన్నే.

లోను సంగతి కూడా అక్కడే ఎత్తాడు. బ్యాంకుల నమూనా పథకం ప్రకారం ఏడున్నర లక్షలు దాటిన విద్యా రుణానికి ఆస్తి తాకట్టు పెట్టాలి. మనవాళ్లకు ఉండే ఎకరమో అరెకరమో చాలాచోట్ల అసైన్డ్ భూమి. 1977 చట్టం దాన్ని అమ్మకుండా కాపాడింది. మంచిదే, లేకపోతే ఈపాటికి అది ఏ దొర చేతిలోనో ఉండేది. కానీ బజారులో అమ్మకానికి రాని భూమిని చూపించి ముప్ఫై లక్షలు అడిగితే మేనేజరు మొహం ఎట్లా పెడతాడో వేరే చెప్పనక్కర్లేదు. చిలుకూరు బాలాజీకి పదకొండు ప్రదక్షిణలు చేస్తే వీసా వస్తుందంటారు. తాకట్టు ఇప్పించే దేవుడి గురించి మాత్రం ఎవరూ చెప్పలేదు.

ఇక్కడే అంబేద్కర్‌ను తలుచుకోవాలి. విగ్రహంగా కాదు, ఫీజు కట్టుకోవలసిన విద్యార్థిగా. 1913లో బరోడా మహారాజు సయాజీరావు గైక్వాడ్ ఆయనకు మూడేళ్లపాటు నెలకు పదకొండున్నర పౌండ్ల స్కాలర్‌షిప్ ఇచ్చాడు. తిరిగొచ్చి పదేళ్లు సంస్థానంలో ఉద్యోగం చెయ్యాలని ఒప్పందం రాయించుకున్నాడు. న్యూయార్కులో ఆయన చదివింది ఆర్థికశాస్త్రం, సమాజశాస్త్రం, చరిత్ర, మానవశాస్త్రం, తత్వశాస్త్రం. ఇవాళ దిల్‌సుఖ్‌నగర్ కౌన్సెలరు ముందు కూర్చుంటే 'స్కోప్ లేదు మేడమ్' అనిపించుకునే సబ్జెక్టులే అన్నీ. 1916 మేలో మానవశాస్త్ర సెమినారులో భారతదేశంలో కులాల పుట్టుక గురించి పత్రం చదివాడు. ఆ ఏడే లండన్ చేరాడు. 1917లో స్కాలర్‌షిప్ గడువు అయిపోయింది, చదువు సగంలో వదిలి రావలసివచ్చింది. బరోడాలో ఉద్యోగం దొరికింది గానీ ఉండటానికి ఇల్లు దొరకలేదు. పార్సీ సత్రంలో పేరు మార్చుకుని తలదాచుకుంటే కర్రలతో వచ్చి వెళ్లగొట్టారు. ఆ సంగతి రాసుకున్న రచనకే ఆయన 'వెయిటింగ్ ఫర్ ఎ వీసా' అని పేరు పెట్టాడు. వీసా అన్న మాట మీద బతికే ఈ వీధికి ఆ పుస్తకం తెలిసినట్టు లేదు.

1920లో మళ్లీ లండన్ పోవడానికి డబ్బెక్కడిది? బొంబాయి సిడెన్‌హామ్ కాలేజీలో పాఠాలు చెప్పి మిగుల్చుకున్నది కొంత, కొల్హాపూర్ షాహూ మహారాజు సాయం కొంత, నావల్ భథేనా అనే మిత్రుడి దగ్గర అప్పు ఐదు వేల రూపాయలు. స్కాలర్‌షిప్పు, జీతం, దాత, అప్పు - ఇవాళ మన పిల్లలు పట్టుకోవలసినవీ ఈ నాలుగు దారులే. నూరేళ్లలో మారిందేమిటంటే, మహారాజు స్థానంలోకి ప్రభుత్వం వచ్చింది. ఆ స్కాలర్‌షిప్పు ఎవరి దయా కాదు, హక్కు అయింది. లేదా అయిందని మనం అనుకున్నాం.

నేషనల్ ఓవర్సీస్ స్కాలర్‌షిప్ 1954–55లో మొదలయింది. ఏడాదికి 125 మంది. అందులో 115 ఎస్సీలకు, మిగతావి సంచార, విముక్త జాతులకూ భూమిలేని కూలీల, చేతివృత్తులవారి పిల్లలకూ. గిరిజనులకు వేరే శాఖ కింద వేరే పథకం. కుటుంబ ఆదాయం ఏటా 8 లక్షలు దాటకూడదు. అంతటి దేశానికి 115 అంటే ఎంతని కాసేపు పక్కన పెడదాం. 2022 ఫిబ్రవరిలో ఈ పథకం మార్గదర్శకాల్లో ఒక వాక్యం చేరింది. భారతీయ సంస్కృతి, వారసత్వం, చరిత్ర, భారతదేశం గురించిన సామాజిక అధ్యయనాలు - ఈ అంశాల మీద పరిశోధనకు ఈ డబ్బు వర్తించదన్నది దాని సారం. అధికారులు చెప్పిన కారణం, ఆ విషయాలకు మన దేశంలోనే వనరులున్నాయి, నిపుణులున్నారు, దానికి విదేశం పోవడమెందుకని.

ఈ వాక్యాన్ని మేము చాలాసార్లు చదివాం. చూడ్డానికి ఖర్చు తగ్గించుకునే వాక్యంలా ఉంటుంది. చదివేకొద్దీ దాని లోపలి మనిషి బయటికొస్తాడు. దళితుడు విదేశం పోయి యంత్రాల గురించి చదవొచ్చు, రోగాల గురించి చదవొచ్చు, ఇంగ్లండు రైతు చరిత్ర కూడా చదవొచ్చు. తన వాడ గురించి మాత్రం అక్కడ కూర్చుని రాయకూడదు. అంబేద్కర్ ఇవాళ ఇదే స్కాలర్‌షిప్‌కు దరఖాస్తు పెడితే? కులాల పుట్టుక మీద పత్రం - భారతీయ సామాజిక అధ్యయనం, తీసెయ్యండి. బ్రిటిష్ ఇండియాలో రాష్ట్రాల ఆర్థిక వ్యవస్థ మీద కొలంబియా సిద్ధాంత గ్రంథం - భారతదేశ చరిత్ర, తీసెయ్యండి. రూపాయి సమస్య మీద లండన్ డి.ఎస్సీ. - దీని మీద ఆఫీసులో కాస్త చర్చ జరగొచ్చు. ఏ శాఖ గోడ మీద ఆయన ఫోటో ఉందో ఆ శాఖే ఆయన దరఖాస్తును వెనక్కి పంపుతుంది.

ఇక దేశంలోనే వనరులున్నాయన్న మాట. ఉన్నాయి, కాదనం. కానీ వలస పాలనలో ఈ దేశం మీద రాసిన కాగితాల్లో ఒక పెద్ద భాగం లండన్‌లో బ్రిటిష్ లైబ్రరీలోని ఇండియా ఆఫీసు రికార్డుల్లో ఉంది. దొరలు మన గురించి ఏం రాశారో చూడాలంటే దొరల ఊరికే పోవాలి. నిపుణులున్నారన్న మాటకు మా జవాబు ఇంకా సూటిగా ఉంటుంది. ఆ నిపుణుల్లో మనవాళ్లెందరు? ఉన్న నిపుణుల్లో ఎందరు మనవాళ్ల పరిశోధనను తమ కింద తీసుకున్నారు? చివరికి అంశం మార్చుకొమ్మని చెప్పకుండా తీసుకున్నవాళ్లెందరు?

నిబంధన దాటి లోపలికి పోయినవాళ్ల బతుకూ తేలిక కాదు. 2022 నాటి మార్గదర్శకాల ప్రకారం బ్రిటన్‌లో బతకటానికి ఏటా ఇచ్చేది 9,900 పౌండ్లు. అదే కాలంలో ఆ దేశపు వీసా ఆఫీసు, లండన్‌లో చదివే విద్యార్థి దగ్గర నెలకు 1,334 పౌండ్ల చొప్పున తొమ్మిది నెలలకు డబ్బుండాలని లెక్కకట్టింది. అంటే 12,006 పౌండ్లు. తొమ్మిది నెలలకే అంత కావాలని వాళ్లు, పన్నెండు నెలలకు ఇంతే చాలునని మనవాళ్లు. 2025 జూలైలో 106 మందిని ఎంపిక చేసి, మొదట 40 మందికే తాత్కాలిక ఉత్తరాలిచ్చారు. మిగతావాళ్లకు నిధులను బట్టి అన్నారు. అడ్మిషన్ ఉత్తరం చేతిలో పెట్టుకుని, అవతలి యూనివర్సిటీ గడువు తేదీ చూసుకుంటూ కూర్చున్న పిల్లల గురించి ఆలోచించండి.

రాష్ట్రానిది వేరే కథ. అంబేద్కర్ విదేశీ విద్యానిధి 2013లో ఉమ్మడి రాష్ట్రంలో మొదలయింది. తెలంగాణలో ఆ సాయం 20 లక్షలకు పెరిగింది. దీని మీద మాకు గౌరవం ఉంది, ఆ మాట ముందే చెప్పాలి. ఇందులో సామాజిక శాస్త్రాలూ హ్యుమానిటీసూ కూడా ఉన్నాయి, పిహెచ్.డి. కూడా ఉంది. కానీ మా ఎరుకలో ఈ డబ్బుతో పోయినవాళ్లంతా ఎమ్మెస్‌కు పోయినవాళ్లే. పిహెచ్.డి.కి అర్హత ఉందన్న సంగతి మాలోనే కొందరికి ఈ వ్యాసం రాయడానికి కూర్చున్నాకే తెలిసింది. సిగ్గుపడవలసిన విషయం.

దీని పద్ధతిని కూడా చదవాలి. మొదటి పది లక్షలు విద్యార్థి ఆ దేశంలో దిగినట్టు కాగితం చూపిస్తే వస్తాయి. రెండో పది లక్షలు మొదటి సెమిస్టరు ఫలితం చూపిస్తే. అంటే ముందు దిగాలి, తర్వాత డబ్బు. మరి దిగడానికి ముందు కట్టవలసిన డిపాజిట్టు, వీసా కోసం బ్యాంకులో చూపించవలసిన మొత్తం, టికెట్టు, మొదటి నెల అద్దె? ఆ సందులోకే మూడు రూపాయల వడ్డీవాడు వస్తాడు. ప్రభుత్వం ఇచ్చే డబ్బు ఎగ్గొట్టుకుపోతాడేమోనన్న అనుమానం ఈ నిబంధన ప్రతి అక్షరంలో ఉంది. ఆలస్యమైన డబ్బు మనవాళ్లను ఏం చేస్తుందో హైదరాబాదుకు కొత్తగా చెప్పాలా? 2016 జనవరి 17న రోహిత్ వేముల తన చివరి ఉత్తరంలో ఏడు నెలల ఫెలోషిప్పు రావలసి ఉందని లెక్క రాసి మరీ పోయాడు.

ఇప్పుడు ఆ కౌన్సెలరు నవ్విన ప్రశ్నకు వద్దాం. ఊరికే ఎవరిస్తారు? ఊరికే ఇవ్వరు, పని చేయించుకుని ఇస్తారు. అమెరికాలో మంచి యూనివర్సిటీలు ఆర్ట్స్ పిహెచ్.డి.లో చేర్చుకున్న విద్యార్థికి సాధారణంగా ఫీజు తీసేస్తాయి, ఆరోగ్య బీమా ఇస్తాయి, ఐదేళ్ల పాటు స్టైపెండు ఇస్తాయి. బదులుగా వారానికి ఇరవై గంటల దాకా పాఠాలు చెప్పాలి, పేపర్లు దిద్దాలి. విదేశీ విద్యార్థికీ స్వదేశీ విద్యార్థికీ ఇందులో చాలాచోట్ల తేడా ఉండదు. జర్మనీలో ప్రభుత్వ యూనివర్సిటీల్లో పిహెచ్.డి.కి ఫీజు మామూలుగా లేదు. చాలామంది అక్కడ ఉద్యోగ ఒప్పందం మీదే పరిశోధన చేస్తారు. బ్రిటన్‌లో కష్టం. విదేశీయుడికి ఏటా 20 వేల పౌండ్లకు పైబడ్డ ఫీజు చాలాచోట్ల ఉంది. కామన్‌వెల్త్, ఫెలిక్స్, గేట్స్ కేంబ్రిడ్జ్ వంటి పూర్తి స్కాలర్‌షిప్పులే దిక్కు. 2001 నుంచి 2013 దాకా ఫోర్డ్ ఫౌండేషన్ అణగారిన వర్గాల వాళ్లను వెతికి మరీ పంపే ఒక పథకం నడిపింది. అది మూతపడ్డాక ఆ చోటు ఖాళీగానే ఉంది.

అంటే విచిత్రం చూడండి. అప్పు చేసి పోవలసిన చదువును ఈ రోడ్డు అమ్ముతున్నది. అప్పు లేకుండా పోగలిగిన చదువును దాస్తున్నది. అయితే ఆ రెండో చదువుకు ఫీజు లేదనుకుంటే పొరపాటు. ఉంది, అది డాలర్లలో లేదు. మూడు రికమండేషన్ ఉత్తరాలు, ఒక ప్రయోజన పత్రం, ఇరవై పాతిక పేజీల రచనా నమూనా. ఇవే అసలు ఫీజు.

ఉత్తరం అంటే ఏమిటి? ఒక ప్రొఫెసరు తన పేరు పెట్టి, ఈ అమ్మాయి ఇట్లా ఆలోచిస్తుంది, తరగతిలో ఈ ప్రశ్న అడిగింది, ఈమెను తీసుకోండి అని అవతలి ప్రొఫెసరుకు చెప్పడం. అందుకు ముందు ఆమెను తరగతిలో చూసి ఉండాలి. మన యూనివర్సిటీల్లో మన పిల్లల మీద చూపు పడేది హాజరు పట్టీలోనో, ధర్నాలోనో. మాలో ఆమె ఒక ప్రొఫెసరును అడిగితే "నువ్వే రాసుకురామ్మా, సంతకం పెడతా" అన్నాడు. ఇది దయ కిందే లెక్క, చాలామంది అదీ చెయ్యరు. కానీ ఇంగ్లీషు ఇప్పుడిప్పుడే కూడబలుక్కుంటున్న పిల్ల తనను తాను పెద్దవాడి గొంతుతో ఎట్లా పొగుడుకుంటుంది? ఆమె రాసిన ఉత్తరంలో 'కష్టపడుతుంది, క్రమశిక్షణ గలది' అని ఉంది. అది వార్డెన్ ఇచ్చే సర్టిఫికెట్టు. పక్క కుర్చీలోని అగ్రవర్ణ విద్యార్థికి అదే ప్రొఫెసరు రెండు పేజీలు రాసిస్తాడు, ఎందుకంటే వాళ్ల నాన్న ఇతని క్లాస్‌మేటు. రిజర్వేషన్ వల్ల ప్రతిభ చచ్చిపోతున్నదని గొంతు చించుకునేవాళ్లు ఈ ఉత్తరాల రిజర్వేషన్ గురించి ఎప్పుడైనా మాట్లాడారా?

రచనా నమూనా ఇంకో గోడ. తెలుగు మీడియం నుంచి వచ్చి, గైడు చదివి, పరీక్షలో ఆరు పేజీల జవాబు రాసి ఎం.ఏ. అయినవాళ్లను ఎవరూ ఎన్నడూ పాతిక పేజీల వాదన రాయమని అడగలేదు. హెచ్.సి.యు.లోనో జె.ఎన్.యు.లోనో చదివినవాళ్లకు సెమినారు పేపరు ఉంటుంది, అదే నమూనా అవుతుంది. మిగతావాళ్లకు అది సున్నా నుంచి మొదలు.

డాలర్ల ఖర్చు కూడా చిన్నదేం కాదు. దరఖాస్తుకు 75 నుంచి 125 డాలర్ల దాకా ఉంటుంది. వంద చొప్పున ఎనిమిది యూనివర్సిటీలకు, డాలరు 85 రూపాయలు దాటిన ఈ రోజుల్లో, 68 వేల పైమాటే. సెంట్రల్ యూనివర్సిటీల్లో నెలకు 8 వేలిచ్చే నాన్-నెట్ ఫెలోషిప్పు లెక్కన ఎనిమిదిన్నర నెలలు. సీటు వచ్చాక సెవిస్ ఫీజు 350, వీసా ఫీజు 185 డాలర్లు. టికెట్టు సరేసరి. చాలా యూనివర్సిటీలు ఆర్థిక ఇబ్బంది రాసి ఈమెయిల్ పెడితే దరఖాస్తు ఫీజు మాఫీ చేస్తాయి, చాలా ఆర్ట్స్ విభాగాలు జి.ఆర్.ఇ. అడగడం మానేశాయి. ఈ రెండు వాక్యాలు కరపత్రంలో ఉంటే ఎందరికో ఉపయోగం.

మమ్మల్ని మేము విమర్శించుకోకుండా ఈ వ్యాసం ముగించడం న్యాయం కాదు. ఉద్యమం ఫీజు రీయింబర్స్‌మెంటు కోసం కొట్లాడింది, హాస్టలు మెస్ బిల్లుల కోసం కొట్లాడింది. కానీ ఇంట్లో మనమే "ఆర్ట్స్ చదివి ఏం చేస్తవ్ బిడ్డా" అన్నాం, అంబేద్కర్ ఫోటో కింద కూర్చుని మరీ. మనలోంచి పోయి అక్కడ పిహెచ్.డి. చేసినవాళ్లు తాము ఎట్లా పోయారో తెలుగులో రాసిపెట్టలేదు. మేమూ అడగలేదు. మన వాడల గురించి ప్రపంచం చదివే పుస్తకాలు ఇంకా ఎక్కువగా ఇతరులే రాస్తున్నారంటే అందులో మన వాటా కూడా ఉంది.

ఇంకో సంగతి, ఆలస్యం చేసే కాలం కాదిది. బోస్టన్‌లో పరిశోధక విద్యార్థులు మేము కూడా పనివాళ్లమేనని 2024లో దాదాపు ఏడు నెలలు సమ్మె చేసి జీతం పెంచుకున్నారు. ఆ నవంబరులోనే బోస్టన్ యూనివర్సిటీ హ్యుమానిటీస్, సామాజిక శాస్త్రాల్లో పలు పిహెచ్.డి. కోర్సులకు తర్వాతి ఏడు ప్రవేశాలు ఆపింది. 2025 ఆగస్టులో షికాగో యూనివర్సిటీ కూడా 2026–27కు ఆర్ట్స్ విభాగాల్లో కొన్నిట్లో ప్రవేశాలు ఆపుతున్నట్టు, మిగతావాటిలో తగ్గిస్తున్నట్టు ప్రకటించింది. మనం తలుపు ఎక్కడుందో కనుక్కునే వేళకు అది సన్నగా అవుతున్నది.

మాలో ఆమె మాత్రం దరఖాస్తులు పెడుతున్నది. భాగ్యరెడ్డి వర్మ బడుల మీద తెలుగులో రాసుకున్న ముప్ఫై పేజీలను కొత్తపేట హాస్టల్లో కూర్చుని మేము నలుగురం కలిసి ఇంగ్లీషులో పాతిక పేజీలు చేశాం. ప్రొఫెసరు సంతకానికి పెట్టిన ఉత్తరంలోంచి 'క్రమశిక్షణ' తీసేసి, ఆమె ఒకరోజు తరగతిలో అడిగిన ప్రశ్నను అందులో పెట్టాం. ఆయన చదివి, ఈ ప్రశ్న నాకు గుర్తుంది అని ఇంకో పేరా తనే రాశాడు. ఎనిమిది యూనివర్సిటీలకు ఫీజు మాఫీ అడిగితే ఐదు ఒప్పుకున్నాయి. మూడో ఉత్తరం ఇంకా రాలేదు. గడువు డిసెంబరు 15.